కొత్త ఫోనులో అమ్మ పిలుపు

ఘాజియాబాద్‌లో నర్సుగా నైట్ డ్యూటీలు చేస్తాను. మధ్యాహ్నం నన్ను నిద్రలేపే అలారం, చనిపోయిన మా అమ్మ గొంతు. స్పీకరు పాడైన పాత ఫోనులో అది ఎక్కడో నీళ్ల అడుగు నుంచి వస్తున్నట్టు ఉండేది. మొన్న చవకలో కొత్త ఫోను కొని, అలారంతో సహా అన్నీ అందులోకి ఎక్కించాను.

ఆదివారం దాన్ని సైలెంట్‌లో పెట్టి చర్చికి వెళ్లాను. ఆరాధన మధ్యాహ్నం దాకా సాగింది. అందరం కళ్లు మూసుకుని మౌన ప్రార్థనలో ఉండగా, నా బ్యాగులోంచి అమ్మ గట్టిగా కేకేసింది.

"లెగవే బంగారం, టీ చల్లారిపోతంది!"

వెనకాల మా ఇంటి కోడి కూత కూడా! సైలెంట్‌లోనూ అలారం మోగుతుందని నాకేం తెలుసు? సిగ్గుతో చచ్చిపోయాను.

"బంద్ చెయ్యమ్మా, అందరూ చూస్తున్నారు," అంటూ పక్కనున్న ఆంటీ గిల్లింది.

నేను మాత్రం కళ్లు తెరవలేదు. అమ్మ రెండోసారి పిలిస్తేగాని నేనేనాడూ లేచింది లేదు.