మూడో కాపీ దానియేలన్న ఇంట్లో

నిన్న పొద్దున స్కూల్‌కి బయల్దేరుతూ చెప్పులు వేసుకుంటున్నాను. చెన్నూరు నుంచి వదిన ఫోన్.

"మీ అన్న లేడు పిల్లా" అన్నది.

ఏ అన్న అని అడిగాను. అలా అడిగినందుకు ఇప్పటికీ నా మీద నాకే కోపంగా ఉంది. నాకు ఉన్నదే ఒక్క అన్న.

హార్ట్ ఎటాక్. ఆస్పత్రికి తీసుకెళ్ళే టైమ్ కూడా ఇవ్వలేదు. సాయంత్రానికి చర్చిలో ప్రార్థన, మట్టి, అన్నీ అయిపోయాయి.

దానియేలన్న మా పెద్దమ్మ కొడుకు. చెన్నూరులో కంప్యూటర్లు రిపేర్ చేసేవాడు. నేను పది మాటలంటే ఆయన ఒకటి అనేవాడు, అదీ నవ్వుతూ.

మా నాన్నని బాపు అనేవాళ్ళం. మంథనిలో వరి వేసే రైతు. ఆదివారం వస్తే చర్చిలో పాటగాడు. అన్న ఇంటర్ చదివే రోజుల్లో ఆ పాటల్ని టేప్‌రికార్డర్‌లో పట్టాడు. బాపు పోయాక వాటిని హుజూరాబాద్‌లో మా ఇంటి కంప్యూటర్‌లోకి ఎక్కించాడు. తర్వాత క్యాసెట్లన్నీ ఫంగస్ పట్టి పాడైపోయాయి.

బాపు గొంతు ఇక ఆ కంప్యూటర్‌లోనే.

అందుకే భయపడి ఒక్కోటి రెండు టెరాబైట్ల (టీబీ) హార్డ్ డిస్కులు రెండు కొన్నాను. రెండు డిస్కుల్ని జత చేసి వాడడాన్ని రెయిడ్ అంటారని ఎక్కడో చదివాను. చదివితే ఊరుకుంటానా!

"అన్నా, రెండు కలిపి నాలుగు టీబీ చెయ్యి. స్పీడ్ గూడ ఉంటదట" అని ఆర్డర్ వేశాను.

"గది రెయిడ్ జీరో చెల్లె. పాటల ఒక లైను గీ నోట్‌బుక్‌ల, ఇంకో లైను గా నోట్‌బుక్‌ల రాసినట్టు. ఒక్క బుక్కు పోయిందనుకో, మిగిలింది ఎట్ల పాడుతవ్?"

ఆయన పెట్టింది రెయిడ్ వన్. రెండు నోట్‌బుక్కుల్లోనూ మొత్తం పాట. ఒకటి చిరిగినా రెండోది ఉంటుంది. మిర్రర్ అంటారట. కాకపోతే నాలుగు టీబీలు కొన్నా వాడుకునేది రెండే.

"రెండు కొని ఒకటి వాడుకునుడేంది?" అని లొల్లి పెట్టాను.

"అవ్, గంతే" అని స్క్రూలు బిగించుకున్నాడు.

ఆయనే కరెక్ట్. రెండేళ్ళకు ఒక డిస్క్ పోయింది. కంప్యూటర్ ఏమీ జరగనట్టే నడిచింది, పాటలు మోగాయి. అన్న కొత్త డిస్క్ తెచ్చి పెట్టాడు. అది కాపీ అయ్యేదాకా సాయంత్రం వరకూ కూర్చుని, నేను చేసిన సర్వపిండి మొత్తం తినేశాడు.

ఇక నా గర్వం చూడాలి. స్టాఫ్‌రూమ్‌లో అందరికీ చెప్పేదాన్ని, మా బాపు గొంతు ఎక్కడికీ పోదని.

ఆ గర్వంతోనే కొంప ముంచుకున్నాను.

క్రిస్మస్ ముందు ఇల్లంతా దులిపి సున్నం వేసుకుంటాం కదా. అదే ఊపులో కంప్యూటర్ కూడా క్లీన్ చేద్దామని కూర్చున్నా. "బాపు పాటలు 1", "బాపు పాటలు 2" అని రెండు ఫోల్డర్లు. రెండోది రెండో డిస్క్‌లోని కాపీ అనుకున్నా. ఉత్తగా జాగా తింటోందని డిలీట్ కొట్టి, రీసైకిల్ బిన్ కూడా ఊడ్చేశాను.

తర్వాత చూస్తే పాటలు సగమే ఉన్నాయి. 1 అంటే క్యాసెట్ల ఏ సైడ్. 2 అంటే బీ సైడ్.

ఏడుస్తూ ఫోన్ చేశాను. "రెండు డిస్కులున్నయి గదన్నా, ఒకదాంట్లనన్న ఉండాలె గద!"

"అద్దం ముంగట నువ్వు కొప్పు ఇప్పితే, అద్దంల కొప్పు ఉంటదా చెల్లె? డిస్క్ ఖరాబైతే రెయిడ్ కాపాడుతది. నువ్వు చెరిపితే అది గూడ చెరుపుతది."

తిట్టలేదు. మర్నాడు బస్సు దిగి వచ్చాడు, చేతిలో టిఫిన్ డబ్బా. అందులో అన్నం లేదు. పాత బనియన్ గుడ్డలో చుట్టిన ఇంకో డిస్క్ ఉంది. నాకు చెప్పకుండా ఎప్పుడో అన్ని పాటలూ కాపీ తీసి తన ఇంట్లో పెట్టుకున్నాడట.

"నీ సంగతి నాకు ఎర్కలేదా? బ్యాకప్ అంటే వేరే ఇంట్ల ఉండాలె" అన్నాడు.

నేను మళ్ళీ ఏడుపు మొదలుపెడితే "ఛల్, పరేషాన్ చెయ్యకు. చాయ్ పెట్టు" అన్నాడు. పోయిన పాటలన్నీ మళ్ళీ కంప్యూటర్‌లోకి ఎక్కించి, డబ్బా తనతోనే తీసుకెళ్ళాడు.

నిన్న మట్టి అయ్యాక వదిన బీరువాలోంచి అదే డబ్బా తీసి నా చేతిలో పెట్టింది. "నీదేనట. తీస్కపో." మూత మీద అన్న రాత. "చెల్లె పాటలు. చెరపొద్దు."

"ఉండనీ వదినా, గది మీ ఇంట్లనే ఉండాలె" అని తిరిగి ఇచ్చేశాను.

ఇవాళ పొద్దున ఆ రెండో ఫోల్డర్ తెరిచాను. మొదటి పాటకు ముందు చిన్న ముక్క ఉంది. ఎప్పుడూ దాన్ని జరిపేసి పాట దగ్గరికి పోయేదాన్ని. ఈసారి జరపలేదు.

"చిన్నబాపూ, జర మైక్ దగ్గరికి రా. ఆఁ... ఇగ పాడు."

దానియేలన్న. ఇంకా మీసం సరిగ్గా రాని రోజుల గొంతు.

వదినకు ఫోన్ చేశాను. ఆ డబ్బాలో అన్న గొంతు కూడా ఉందని చెప్పాను.

"గది ఎట్ల పెట్టాల్నో చెప్పు పిల్లా" అన్నది.

ఆదివారం చెన్నూరు వెళ్తున్నాను. పక్కన కూర్చుని నేనే పెట్టి వినిపిస్తాను.

పోయి రా అన్నా. ప్రభువు దగ్గర నిమ్మళంగా ఉండు. ఫికర్ చెయ్యకు, నీ గొంతు రెండిళ్ళల్లో ఉంది.