మోదుగుపువ్వు కట్టిన పాపం

ఒక పువ్వును చూసి మురిసిపోయి కన్నతండ్రిని తుపాకుల పాలు చేసినవాణ్ణి మీరెప్పుడైనా చూశారా? చూడకపోతే ఇప్పుడు చూడండి, నేనే. నవ్వుకోండి, నాకేం అభ్యంతరం లేదు. నేను నవ్వడానికి మాత్రం చాలా ఏళ్ళు పట్టింది.

రజాకార్లు పోయి మిలిట్రీ వచ్చిన తర్వాత, ఎండలు ముదురుతున్న రోజుల్లో జరిగిన సంగతి ఇది. మా ఊరు పోచంపల్లి పక్కనే. సంఘపోళ్ళు, అంటే ఎర్రజెండా కమ్యూనిస్టులు, గుట్టల్లో, వాళ్ళను వెతికే మిలిట్రీ రోడ్డు మీద, మేము మగ్గం గుంటలో. ఊరంతా నోరు విప్పడానికి భయపడుతుంటే, పందొమ్మిదేళ్ళ నాకు మాత్రం కళ మీద ప్రేమ పుట్టుకొచ్చింది.

మా బాపు చిటికి కట్టేవాడు. అంటే, నూలును పాయలు తీసి, తెల్లగా ఉండాల్సిన చోటల్లా దారంతో బిగించి కట్టి రంగులో ముంచుతారు. కట్టిన మేర తెల్లగా మిగులుతుంది. అయితే బాపు కట్టేవన్నీ గళ్ళూ చుక్కలే. నాకవి ముసలి ముచ్చట్లుగా తోచేవి. ఊరి వెనక గుట్ట మీద మోదుగులు విరగబూశాయి. రోజూ పోయి వాటి కింద వెల్లకిలా పడుకునేవాణ్ణి. నీళ్ళు పోసినవాడు లేడు, చూసి మెచ్చుకునేవాడు లేడు, అయినా ఒక్క ఆకు లేకుండా కొమ్మ కొమ్మా పూసి నిలబడ్డాయి. ఎండిన బండల మధ్య చెట్టుకే అంత ధైర్యముంటే నాకెందుకు ఉండకూడదు అనుకున్నాను. ఆ రేకు వంపును బొగ్గుతో బండల మీద గీసి గీసి, ఆఖరికి నూలు మీద కట్టేశాను.

"ఏం కట్టినవ్ రా గిన్ని ముళ్ళు?" అన్నాడు బాపు.

"నేసినంక చూద్దువు తియ్యి."

"చూస్త గని, నల్లరంగుల ముంచు. గీ దినాలల్ల ఎరుపు జోలికి పోకు," అని చెప్పి నూలు తేవడానికి పోచంపల్లి పోయాడు.

మోదుగును నల్లరంగులోనా! మీరైతే ముంచుతారా? బాపు ఊరు దాటగానే నూలంతా ఎర్రరంగులో ముంచేశాను. మర్నాడు ఆ పడుగును వీధి పొడవునా సాగదీసి కట్టాను. ఇంట్లో చేరెడు ఎర్రగుడ్డ దొరికితే మనిషిని ఈడ్చుకుపోయే రోజులవి. నేను ఇరవై బారల ఎరుపును నడివీధిలో పరిచి, దూరం నుంచి ఎట్లా కనిపిస్తుందో చూద్దామని తీరిగ్గా గుట్టెక్కాను.

అప్పుడే మిలిట్రీ లారీ వచ్చి ఆగింది. జవాన్లు దిగి పడుగు చుట్టూ మూగారు. నేనేమనుకున్నానో తెలుసా? నా పనితనానికి ముచ్చటపడ్డారనుకున్నాను! జుట్టు సవరించుకుని మరీ దిగాను.

దిగేసరికి పోచంపల్లి నుంచి బాపు తెచ్చిన నూలు మూట మట్టిలో పడి ఉంది. బాపు మోకాళ్ళ మీద ఉన్నాడు.

"గిది నాదే దొరా. నేనే రంగేసిన," అంటున్నాడు.

"కాదు, నేనేసిన!" అని అరిచాను.

"వాని మాట ఇనకుండ్రి. సక్కగ ముడేసుడే రాదు వానికి. గింత పని వాడేడ చేస్తడు?"

మీ దగ్గర దాచేదేముంది, తుపాకులకంటే ఆ మాటే నన్ను ఎక్కువగా పొడిచింది. "నాకొస్తది! అంత నేనే కట్టిన!" అని వాదానికి దిగాను. ఆయన నన్ను తప్పించడానికి తంటాలు పడుతుంటే నేను పేరు కోసం కొట్లాడుతున్నాను. ఊరి పోలీసు పటేలు నా నోరు నొక్కి వెనక్కి గుంజాడు. జవాన్లు సగం పడుగు కోసి పారేసి బాపును లారీ ఎక్కించారు.

మా అవ్వ, అంటే బాపును కన్నతల్లి, మిగిలిన పడుగును దుమ్ములోంచి ఏరి చుట్టింది.

"నువ్వు ఏడ్సుకుంట కూసుంటె నా కొడుకొస్తడా? నెయ్యి!"

పటేలూ అదే అన్నాడు. "జెండా గాదు, పూల రుమాలని చూపిస్తె ఇడిసిపెడ్తరేమో. లేకుంటె ఆ క్యాంపుకు పోయినోడు మళ్ళొచ్చుడు నేను చూడలే."

రెండు రోజులు మగ్గం గుంటలోంచి లేవకుండా ఒక రుమాలు నేశాను. మూడోనాటి పొద్దున పటేలు వెంట క్యాంపుకు పోయి, అక్కడి మిలిట్రీ అధికారి జమేదారు ముందు రుమాలు పరిచాను.

"మోదుగుపువ్వు సార్," అన్నాను. కాస్త గర్వంగానే అన్నాను.

జమేదారు అటు తిప్పి, ఇటు తిప్పి చూశాడు. పక్కనున్న జవానును పిలిచాడు. "యే క్యా హై?"

జవాను వంగి చూశాడు. "హసియా, సాబ్."

హసియా అంటే కొడవలి. అప్పుడు నేనూ చూశాను. ఎర్రటి బట్ట మీద వరసలు వరసలుగా తెల్లటి కొడవళ్ళు. రేకు వంపు అలుగులాగా ఉంది, కాడ పిడిలాగా ఉంది. సంఘపోళ్ళు కూడా అంత చక్కటి జెండా కుట్టించుకుని ఉండరు. పటేలు నన్ను ఎరగనట్టు రెండడుగులు పక్కకు జరిగాడు.

"బాప్ కో లావ్," అన్నాడు జమేదారు. నేను నోరు తెరిస్తే ఇద్దరినీ కాలుస్తానని పటేలుతో చెప్పించాడు.

బాపును తెచ్చారు. ఒక కన్ను పూర్తిగా మూసుకుపోయింది. కుడిచేతి వేళ్ళు వంకాయల్లా ఉబ్బి ఉన్నాయి. నేసిన రుమాలును ఆయన చూడడం అదే మొదలు.

"నువ్వే కట్టినవంటివి గదా, గిదేందో చెప్పుమంటుండు," అన్నాడు పటేలు.

బాపు రుమాలును తెరుచుకున్న కంటికి దగ్గరగా పెట్టుకున్నాడు. ఎంతసేపు చూశాడో! ఆయన నోట కొడవలి అన్న మాట వస్తుందేమోనని నా భయం.

"మోదుగుపువ్వు దొరా," అన్నాడు. "రేకు జర ఎక్కువ వంగింది. చెయ్యి మునుపటి లెక్క తిరుగుతలేదు."

జమేదారు మా ఇద్దరినీ మార్చి మార్చి చూశాడు. చివరికి పొమ్మన్నట్టు చెయ్యి ఊపాడు. రుమాలు మాత్రం ఉంచుకున్నాడు.

బాపును వీపు మీద మోసుకుంటూ బయటపడ్డాను. ఏడుపూ నవ్వూ కలిసి వస్తున్నాయి. "బాపూ, నా పువ్వును గుర్తువట్టినవ్!"

"ఏం పువ్వురా? అచ్చం కొడవలే గద!"

"మరి మోదుగని ఎట్ల చెప్పినవ్?"

"దినాం ఆ చెట్ల కిందనే పంటుంటివి. కొడవలి కట్టేంత దమ్ము నీకేడిది రా, సన్నాసి!"

ఆ తర్వాత బాపు కుడిచేతి వేళ్ళు రెండు మళ్ళీ వంగలేదు. ఆయన పక్కన కూర్చుని తిడుతుంటే, ముళ్ళన్నీ నేనే వేశాను.

అందుకని, అయ్యలారా, అమ్మలారా, మగ్గం మీద చెయ్యేసి మీ అందరి సాక్షిగా ప్రమాణం చేస్తున్నాను. బంతి కడతాను, చేమంతి కడతాను, వంకర తిరిగిన పువ్వును మాత్రం ఈ జన్మలో కట్టను. మోదుగులు పూసినప్పుడు ఇప్పటికీ గుట్టెక్కుతాను, కాకపోతే చేతులు వెనక్కి కట్టుకుని చూసి వస్తాను.