అత్తకు చెప్పని కార్న్‌వాల్

మేవిస్ గ్రిమ్‌షా గురించి చెప్పాలంటే ముందు ఆమె పెదాల గురించి చెప్పాలి. ఇరవై రెండేళ్లు మా ఇద్దరి మరమగ్గాలు పక్కపక్కనే ఆడాయి. మా నేతమిల్లు షెడ్డులో ఎనిమిది వందల మగ్గాలు ఒక్కసారిగా దడదడలాడుతుంటే గొంతు చించుకున్నా పక్కమనిషికి వినపడదు. అందుకే మేమంతా శబ్దం లేకుండా పెదాలతోనే మాట్లాడుకుంటాం. ఈ చివర పుట్టిన కబురు ఆ చివరకు చేరడానికి, తెగిన పోగు ముడివేసేంత సేపు చాలు. మేవిస్ పెదాలైతే అచ్చేసిన పుస్తకమే. నడివీధి అవతల నిలబడినా చదువుకోవచ్చు. కొంప ముంచింది కూడా ఆ పెదాలే.

ఆమె భర్త విల్ఫ్. మా మగ్గాలు మొరాయిస్తే బాగుచేసేది అతనే. నెమ్మదస్తుడు, తల్లి గీసిన గీత దాటడు. ఆ తల్లి హెప్సిబా. నలభై ఏళ్లు నాలుగు మగ్గాలు నడిపి, ఇప్పుడు వాటికి బదులు కొడుకునీ కోడలినీ నడుపుతోంది. ముగ్గురిదీ ఒకే ఇల్లు. పోస్టు వస్తే గుమ్మంలో ముందు పడేది హెప్సిబా చెయ్యే.

జూలైలో మా ఊరి మిల్లులన్నీ సెలవులకని ఒకే వారం మూస్తారు. ఊరు ఊరంతా రైలెక్కి సముద్రం ఒడ్డున ఉన్న బ్లాక్‌పూల్ పోతుంది. ఇక్కడ ఏ ఇంటి పక్కన ఏ ఇల్లో, అక్కడా ఆ గది పక్కన ఆ గదే. గ్రిమ్‌షాలది ఎప్పుడూ మిసెస్ టాటర్‌సాల్ బసలో వెనక గది. మధ్యలో ఒక తెర. తెరకి ఇటు మొగుడూ పెళ్లాం, అటు హెప్సిబా, ఆమె గురక. పెళ్లైన వారానికి వెళ్లిన ప్రయాణం కూడా అంతేనట. మేవిస్ ఈ మాట నవ్వుతూ చెప్పేది గానీ నాకు మాత్రం ఒళ్లు మండేది.

పందొమ్మిది వందల యాభై అయిదో సంవత్సరం, ఫిబ్రవరి. ఒకరోజు మగ్గం మీదుగా మేవిస్ పెదాలు కదిలాయి. "బెరిల్, విల్ఫ్ చెవులు పోతున్నాయే. ఇంకో ఏడాది, మహా అయితే రెండేళ్లని డాక్టరు చెప్పాడు."

మగ్గాలవాళ్ల చెవులు పోవడం మా ఊళ్లో వింతేమీ కాదు. కానీ విల్ఫ్‌కి నలభై ఆరేళ్లే.

మధ్యాహ్నం టీ దగ్గర తక్కినది చెప్పింది. "పెళ్లయి ఇరవై రెండేళ్లయింది. పగలు మగ్గాల మోత, సాయంత్రం అత్తయ్య మోత. నా గొంతు ఆయన నిమ్మళంగా ఎప్పుడు విన్నాడు చెప్పు? ఒక్క వారం, చప్పుడు లేని చోటికి తీసుకుపోతాను. సముద్రం విననీ. నన్ను విననీ. తర్వాత పోతే పోనీ."

"బ్లాక్‌పూల్లో సముద్రం లేదా ఏమిటి?" అన్నాను, నా తెలివి తెల్లారినట్టే ఉంది.

"ఉంది. దాని చప్పుడు నువ్వెప్పుడైనా విన్నావా?"

ఆలోచించాను. జనం గోల, బ్యాండు మేళం, ట్రాముల గంటలు, మా పిన్ని కేకలు. సముద్రం మాత్రం గుర్తు రాలేదు.

అలా మొదలైంది కార్న్‌వాల్ కుట్ర. దేశానికి ఆ చివర, సముద్రంలోకి పొడుచుకొచ్చిన మూల అది. లైబ్రరీ నుంచి తెచ్చిన మ్యాపు మా ఇంట్లో పిండి డబ్బా వెనక దాచాం. ఉత్తరాలన్నీ నా పేరిటే వచ్చేవి. ఏ రైలు, ఎక్కడ దిగి ఎక్కడ ఎక్కాలి, ఆ ఊళ్లో వానొస్తే ఏం చెయ్యాలి అని మంగళవారం మంగళవారం కూర్చుని తల బద్దలు కొట్టుకున్నాం. నేను జన్మలో చూడని స్టేషన్ల పేర్లు నాకు కంఠతా వచ్చేశాయి. గదులిచ్చేవాళ్లు ముగ్గురు జవాబు రాశారు. ఒకామెకు వేడినీళ్లున్నాయి, ఇంకొకామెకు పియానో ఉంది. కొండవాలు మీద పొలం ఉన్న మిసెస్ ట్రెగెంజా మాత్రం ఇలా రాసింది: "ముందే చెబుతున్నాను, మన్నించండి. ఇక్కడ సముద్రం చప్పుడు తప్ప ఏ కాలక్షేపమూ లేదు."

మేవిస్ ఆ ఉత్తరాన్ని గుండెకు హత్తుకుంది. "ఇదే," అంది.

విల్ఫ్ ఒప్పుకున్నాడు గానీ అమ్మకు తానే చెబుతానని వారాలు గడిపేశాడు. చెబితే ఏమవుతుందో మాకు తెలుసు. కిందటేడు వీళ్లు వేల్స్‌లో ల్యాండడ్నో అనే ఊరు పోదామని ఒక్క మాట అన్నందుకు హెప్సిబా గుండె పట్టుకుని మంచమెక్కింది. వెళ్లడం లేదని చెప్పగానే లేచి రెండు చేపలు తిన్నది. ఇంకో ఏడాది ఆగుదామంటే, ఆగడానికి విల్ఫ్‌కి ఏడాది ఉందో లేదో. అందుకని టికెట్లు చేతికొచ్చే దాకా ముసలావిడకు చెప్పకూడదని ఒట్టేసుకున్నాం. నా నోట్లో నువ్వుగింజ నానదని ఊరంతటికీ తెలుసు, అయినా ఆ నాలుగు నెలలు నోరు కుట్టేసుకున్నాను.

జూన్ చివర శనివారం. కో-ఆపరేటివ్ కొట్టు కిటకిటలాడుతోంది. హెప్సిబా ముందు వరసలో మాకు వీపు పెట్టి, బేకన్ అనే ఉప్పు పట్టించిన పందిమాంసం కోసే మిషన్ని కళ్లార్పకుండా చూస్తోంది. వెనక తలుపు దగ్గర మేవిస్. నేను సబ్బుల దగ్గర. మేవిస్ నన్ను చూసింది, ఇక ఆగలేకపోయింది. మగ్గాలవాళ్లకు ఇదొక జబ్బు. చప్పుడు చెయ్యకపోతే రహస్యమే అనుకుంటాం.

"టికెట్లు వచ్చేశాయే!" అన్నాయి పెదాలు. "వచ్చే నెల ఈపాటికి కార్న్‌వాల్లో ఉంటాం. ఆయన చెవులు పోయేలోపే. ముసలావిడకు తెలిస్తే చస్తాం."

నేను నవ్వబోయి ఎందుకో ముందుకు చూశాను. బేకన్ మిషన్ వెనక గోడకు టీపొడి కంపెనీవాళ్లు తగిలించిన పెద్ద అద్దం. అందులో హెప్సిబా కళ్లు. అవి మేవిస్ పెదాల మీద ఉన్నాయి.

కొట్టువాడు పొట్లం కట్టి పిలుస్తున్నాడు. ఆవిడ అద్దంలోకి కాసేపు అలాగే చూసి, బేకన్ కౌంటరు మీదే వదిలేసి, మా ఇద్దరినీ దాటుకుంటూ బయటికి పోయింది. ఒక్క ముక్క బేకన్ కోసం కొట్టువాడితో కొట్లాడే మనిషి!

దారిలో చెప్పాను. మేవిస్ నడిరోడ్డు మీదే ఆగిపోయింది. "అయిపోయింది బెరిల్. రేపే మంచమెక్కుతుంది, చూడు. ఆయన టికెట్లు వెనక్కిచ్చేస్తాడు."

రేపు వచ్చింది. ఏమీ లేదు. వారం గడిచింది. ఏమీ లేదు. హెప్సిబా అరవడంలేదు, సాధించడంలేదు, కోడలు చేసిన కూరకు వంక పెట్టడంలేదు. అదే మాకు మరీ భయమేసింది. మేవిస్ తిండి మానేసింది. ప్రయాణం రెండు రోజులుందనగా, నన్ను ఒక్కదాన్నే రమ్మని హెప్సిబా కబురు పెట్టింది. ఈ పూట నా తాట తీస్తుందనుకుంటూ వెళ్లాను.

"కూర్చో. వణక్కు, నేనేం కొరకను," అంది. "టాటర్‌సాల్‌కి ఉత్తరం రాశాను. ఈసారి నా గదిలో నువ్వు పడుకో. తెర తీసేయమన్నాను. నువ్వు గురక పెడతావా?"

"పెట్టను."

"నేను పెడతాను. ఓర్చుకో."

తర్వాత లేచి కేటిల్ పొయ్యి మీద పెట్టింది. "విల్ఫ్ వాళ్ల నాన్న ఎజ్రా కూడా మగ్గాల మెకానిక్కేగా. చెవులు ఎప్పుడు పోయాయో నాకు తెలీదే. నా పెదాలు చూసి జవాబు చెప్పేవాడు, నేను వింటున్నాడనుకునేదాన్ని. ఒకరోజు దీపం ఆర్పాక ఏదో అడిగాను. పలకలేదు. కోపమొచ్చిందనుకుని మళ్లీ అడిగాను. పలకలేదు. అప్పుడు తెలిసింది. నా గొంతు ఆఖరుసారి ఎప్పుడు విన్నాడో, అప్పుడు నేనేమన్నానో కూడా గుర్తులేదు. తిట్టే ఉంటాను."

నాకు ఏడుపొచ్చింది. ఏడిచాను కూడా, సిగ్గెందుకు. "మరి మేవిస్‌కి చెప్పరాదా? పాపం, హడలి చస్తోంది."

"నన్ను మోసం చేశాననే సరదా ఒకటుంటుంది కదా దానికి. అది పాడుచెయ్యకు. పైగా, అంత పెద్ద విషయం నాకు దాచినందుకు రెండు రోజులు హడలితే పోయిందేమీ లేదు."

మనిషి ఎంత మారినా అత్త అత్తే కదా!

శనివారం పొద్దున స్టేషను ఇసుకవేస్తే రాలనట్టుంది. ఇటు ప్లాట్‌ఫారం మీద బ్లాక్‌పూల్ ప్రత్యేక రైలు కోసం మా ఊరు మొత్తం, పెట్టెలూ పిల్లలూ. అటు ప్లాట్‌ఫారం మీద ఇద్దరే, విల్ఫ్, మేవిస్. తెల్లవారక ముందే బల్ల మీద చీటీ పెట్టి, దొంగల్లా వచ్చేశారు. నన్నూ హెప్సిబానీ చూడగానే మేవిస్ విల్ఫ్ వెనక నక్కింది. విల్ఫ్ తల వంచుకున్నాడు. తల్లి ఒక్క చెయ్యి ఊపితే టికెట్లు చింపేసి ఇటు వచ్చేసేలా ఉన్నాడు.

హెప్సిబా జనాన్ని మోచేతులతో తోసుకుంటూ ప్లాట్‌ఫారం అంచుకు నడిచింది. పక్క పట్టాల మీద రెండు ఇంజన్లు ఆవిరి కక్కుతున్నాయి, ఏమీ వినపడటంలేదు. ఆవిడకు వినపడక్కర్లేదు. కొడుకు తలెత్తే దాకా ఆగి, పెదాలతో అంది:

"మీ నాన్న వినలేకపోయాడురా. నువ్వు బాగా విను."

విల్ఫ్ పెదాలు కదిలాయి. "వింటానమ్మా."

"నీ పెళ్లాం గొంతు కూడా విను. నేను ముప్ఫై ఏళ్లు అరిచాను, అది అరవదు."

మేవిస్ విల్ఫ్ వెనక నుంచి బయటికొచ్చి, రెండు చేతులూ నోటికి అడ్డం పెట్టుకుని నిలబడిపోయింది.

మా ప్లాట్‌ఫారం మీద రెండు వందల మంది నేతవాళ్లున్నారు. అందరూ చదివారు. అందరూ ఒక్కసారిగా తమ బూట్ల వంక చూసుకున్నారు. అంతలో వాళ్ల రైలొచ్చి మధ్యలో నిలబడింది. అది కదిలిపోయాక చూస్తే అటువైపు ఎవరూ లేరు.

బ్లాక్‌పూల్లో ఆ వారం హెప్సిబా నన్ను నిద్రపోనివ్వలేదు, గురక సంగతి ఆవిడ ముందే చెప్పింది, నేనేమీ అనను. బుధవారం ఇసుకలో కుర్చీ వేయించుకుని, చుట్టూ ఉన్న మమ్మల్ని కసిరింది. "కాస్త నోళ్లు మూసుకోండర్రా. సముద్రం వినాలి."

మూసుకున్నాం. ఆవిడ కళ్లు మూసుకుని, చెయ్యి చెవికి ఆనించి, చాలాసేపు కూర్చుంది. ట్రాము గంటలు, బ్యాండు, ఎవరి పిల్లాడో ఏడుపు.

"వినపడిందా?" అని అడిగాను.

"లేదే," అంది హెప్సిబా. "వాడికి వినపడుతూ ఉంటుందిలే."