యమ్నా గడ్డం మీది గీత

మా తబున్త్ వాడలో ఇజ్జా వంటకు దిగేముందు ఒకసారి గిన్నెలన్నీ చూసుకునేది. ఉంటే వంట మొదలు, లేకపోతే పెరట్లోకి కేక.

"ఏమయ్యా, నా కుస్కుసు రవ్వ వండే గిన్నె ఏదీ?"

"అదిప్పుడు గిన్నె కాదే. సేనాపతి ఎడమ భుజం."

ఆమె మొగుడు బెలాయిద్ సత్తు పోతపోసేవాడు. మొదట్లో గరిటెలు, గిన్నెలు, తలుపు గొళ్ళేలు పోసేవాడు. నదికి అవతల వర్జాజాత్ పట్నంలో సినిమా కంపెనీలు ఏడాదికి నాలుగైదు దిగే కాలం వచ్చాక కవచాలకు మళ్ళాడు. మా వాడలో రోము సైనికుడై చావని మగాడు లేడు. నేనే మూడుసార్లు చచ్చాను, అందులో ఒకసారి రెండు పక్షాల తరఫునా. వెనక వరసల్లో చచ్చే మాలాంటివాళ్ళకి రబ్బరు కవచం చాలు. కెమెరా ముందు నిలబడే దొరలకు మాత్రం లోహం కావాలి. ఎండ పడితే మెరవాలి, కత్తి తగిలితే మోగాలి.

ఈ కథలో సగం బెలాయిద్ చెప్పింది. మిగతా సగం అతను చెబుతుండగా ఇజ్జా పక్కనుంచి సరిదిద్దింది. ఇద్దరి మాటా కలవని చోట ఇజ్జా మాటే రాశాను.

కొలిమి ఉన్న పెరడు బెలాయిద్‌ది కాదు, అతని అత్త యమ్నాది. కూతురి పెళ్ళప్పుడు "నాకు మేకలు కొనుక్కోవాలనిపించే దాకా వాడుకో" అని ఇచ్చింది. పద్దెనిమిదేళ్ళుగా ఆమె మేకలు కొనలేదు, కొననని అననూ లేదు. పెరటి తాళంచెవి, అరచెయ్యంత పొడుగుది, తాడు కట్టి మెడలో వేసుకు తిరిగేది. పొగమసి పట్టిన బట్ట ఒక్కటి కనబడితే చాలు, ఆ తాళంచెవిని వేళ్ళతో తిప్పుతూ "మేకలు కొంచెం చవకైనట్టున్నాయి అల్లుడూ" అనేది. కొలిమేమో భూమిలో నడుము లోతు దించి ఇటుకలతో కట్టింది. ఎత్తుకుపోయేది కాదు. అందుకని ఆ తాళంచెవి కదిలినప్పుడల్లా బెలాయిద్ కొలిమి కేసి చూసుకునేవాడు.

ఆ ఏడు కంపెనీవాళ్ళ బట్టల పెద్ద సిల్వానా అనే ఇటలీ ఆవిడ పన్నెండు కవచాలు కావాలంది. కండలు తిరిగిన మగవాడి ఛాతీలా ఉండాలట, ఛాతీ మధ్యన ఒక ఆడమనిషి ముఖం. మా మాట ఆవిడకు సగమే వచ్చు, మిగతాది చేతులతో చెప్పింది. జుట్టు పాములు. కళ్ళు ఇంతింత. ఆ ముఖం చూసినవాడు చూసినచోటే రాయైపోవాలి.

"బొమ్మేమైనా ఉందా?" అన్నాడు బెలాయిద్.

"నీ చెయ్యి నాకు తెలుసు. భయం వెయ్యాలి, అంతే" అని వెళ్ళిపోయింది.

ఛాతీకి అచ్చు కావాలి కాబట్టి వాడందరి రొట్టెలూ కాల్చే ఉమ్మడి పొయ్యి నడిపే మిలూద్‌ను పిలిచారు. రోజూ రెండొందల రొట్టెలు పొడుగు పారతో లోపలికి తోసి బయటికి లాగే మనిషి, మా వాడ మొత్తంలో ఛాతీ అనదగ్గది అతనికొక్కడికే ఉంది. వెల్లకిలా పడుకోబెట్టి ప్లాస్టర్ మెత్తారు. నూనె రాయడంలో బెలాయిద్ పిసినారితనం చూపించాడు. ప్లాస్టర్ గట్టిపడి ఊడబీకేసరికి మిలూద్ రొమ్ము మీది వెంట్రుకల్లో సగం అచ్చుతోనే పోయాయి. వాడు పెట్టిన కేకకి మసీదు పక్క వీధిలో జనం ఎవరో పోయారనుకున్నారు.

"దీనికి బదులు నాకేమిస్తావురా?" అన్నాడు మిలూద్, రొమ్ము రుద్దుకుంటూ.

"ఏం కావాలి?"

"మొదటి కవచం ఒక పొద్దుట నేను వేసుకుంటా. పొయ్యి దగ్గర."

"ఆడవాళ్ళంతా వచ్చే వేళకా?"

"మరి ఎవరూ లేనప్పుడు వేసుకుని కట్టెలకు చూపించనా?"

సరే అన్నాడు బెలాయిద్. ఆ సరే ఎంత దూరం పోతుందో అప్పుడతనికి తెలియదు.

ఛాతీ మీద బంకమట్టితో ముఖం చెయ్యడానికి రెండు రోజులు పట్టింది. ముక్కు, కనుబొమలు, బిగించిన పెదవులు. చేతులు వాటంతటవే పోయాయంటాడు. సాయంత్రం ఇజ్జా టీ పట్టుకొచ్చింది. వచ్చి, చూసి, గ్లాసు జారవిడిచింది.

"అమ్మ!"

బెలాయిద్ చటుక్కున సిగరెట్టు వెనక్కి దాచుకుని గుమ్మం వైపు తిరిగాడు. "ఎక్కడ? ఎప్పుడొచ్చింది?"

"అటు కాదయ్యా. నీ ముందే ఉంది."

అప్పుడు చూసుకున్నాడు తన చేతి పని. గుడ్లురుముతూ పాముల మధ్య అత్తగారు.

"చెరిపెయ్" అంది ఇజ్జా.

"చెరిపితే మళ్ళీ ఇంత భయంకరంగా నాకెక్కడ వస్తుంది?" అని నాలుక్కరుచుకున్నాడు. ఇజ్జా కోపంగా చూద్దామనుకుని, ఓడిపోయి, కొంగు నోట్లో కుక్కుకుని నవ్వింది. గడువుకి పది రోజులే ఉంది. ఎలాగూ ఆ ముఖాలు పోయేది కెమెరా ముందుకి, యమ్నా ముందుకి కాదు. అలాగే పోత పోసేద్దాం అనుకున్నారు.

యమ్నాకి ఒక అలవాటు. కొలిమి వెలిగించే ప్రతిసారీ పెరటి గడపలో నిలబడి, కంటికి కనిపించని జిన్నులు దగ్గరికి రాకుండా చిటికెడు ఉప్పు విసిరేది. ఆ పది రోజులూ బెలాయిద్ గడపకడ్డంగా దుప్పటి కట్టాడు.

"ఈ తెర ఎందుకు అల్లుడూ?"

"మగాళ్ళ ఛాతీలు అత్తా. బట్టలేకుండా వరసగా ఉన్నాయి. మీలాంటి పెద్దామె చూడకూడదు."

"ఐదుగురు మగపిల్లల్ని కన్నాను. ఛాతీలు నాకు కొత్తా?"

"ఇవి పరాయివాళ్ళవి."

ఆమె దుప్పటి మీదుగానే ఉప్పు విసిరింది. ఒకటి రెండుసార్లు అది బెలాయిద్ కళ్ళలో పడింది. కావాలనే విసిరిందని అతని నమ్మకం.

పని మాత్రం చక్కగా సాగింది. నదిలోని సన్న ఇసుకలో బంకమన్ను కలిపి తడిపి, పిడికిట పట్టి చూసేవాడు. వేళ్ళ గుర్తులు నిలవాలి, చేతికి అంటకూడదు. అచ్చు పెట్టెలో ఇసుక దట్టించి, పాత పిస్టన్లూ కిటికీ చట్రాలూ ఇజ్జా గిన్నెలూ మూసలో కరిగించి, పైన తేలిన మడ్డి తీసి, ఆగకుండా ఒకే ధారగా పోసేవాడు. పలచటి పోత. చెయ్యి క్షణం వణికితే లోహం దారిలోనే చల్లారి కవచానికి బొక్క పడుతుంది. పన్నెండూ నిలిచాయి. ఆకురాయి పట్టి, మెరుగు పెట్టి, గోడవైపు తిప్పి వరసగా ఆనించాడు. శనివారం పొద్దున్నే అప్పగించాలి.

శుక్రవారం పొద్దున మిలూద్ తన బాకీ వసూలు చేసుకున్నాడు.

నేను రొట్టెల పళ్ళెంతో వరసలో ఉన్నాను. పొయ్యి గుంటలోంచి మిలూద్ పైకి వచ్చాడు, ఛాతీ మీద ఎండ పడి ధగధగ. పిడికిలితో గుద్దుకున్నాడు, ఠంగుమంది. ఆడవాళ్ళు ముందు కండలు చూశారు, తరవాత కండల మధ్య ముఖం చూశారు. పక్కింటి హద్దా పళ్ళెం దించి దగ్గరికొచ్చింది. యమ్నాకూ ఆమెకూ ముప్పై ఏళ్ళుగా ఒకే గోడ, రోజుకొక తగాదా.

"అయ్యో, ఇది నేనే!" అంది హద్దా మురిసిపోతూ. "ఆ ముక్కు చూడండి. బెలాయిద్‌కి నేనంటే మొదట్నుంచీ గౌరవం."

వరస చివర యమ్నా ఉంది. పళ్ళెం నాకిచ్చి నడిచొచ్చింది. జనం దారిచ్చారు. కవచం ముందు నిలబడి తన ముఖాన్ని తాను చూసుకుంది. రెండూ ఒకదాన్నొకటి గుడ్లురిమి చూసుకున్నాయి. మిలూద్ ఊపిరి తీయడం మానేశాడు.

యమ్నా వెనక్కి తిరిగి, మెడలోని తాళంచెవి చేతిలోకి తీసుకుని ఇంటి దారి పట్టింది. నేను రెండు పళ్ళేలతో వెనకాల పరిగెత్తాను.

బెలాయిద్‌కి కబురు ముందే అందింది. దుప్పటి తీసేసి, తల వంచుకుని నిలబడ్డాడు.

"తప్పైపోయిందత్తా. చేతులు అలా..."

"గడ్డం ఏదిరా?"

"ఉంది కదత్తా."

"నా పచ్చబొట్టేదీ?" తన గడ్డం ముందుకు తోసింది. కింది పెదవి నుంచి నిలువుగా ఒక గీత, అటు రెండు చుక్కలు, ఇటు రెండు. "పన్నెండేళ్ళప్పుడు మా అమ్మ సూదితో పొడిచింది. నా రొట్టెల మీదా ఇదే వేస్తాను. ఎందుకు వేస్తాను?"

"మిలూద్‌కి మన రొట్టె తెలియాలని."

"గుర్తు లేని రొట్టెని ఎవరైనా పట్టుకుపోతారు. గుర్తు లేని ముఖం వేశావు, హద్దా పట్టుకుపోయింది! దాని గడ్డం బోడి కదా, అచ్చం సరిపోయింది. ఊరందరి ముందూ నా ముఖం అది ఎత్తుకుపోతే నేను నోరు మూసుకుని రావలసొచ్చింది." తాళంచెవి ఎత్తి చూపించింది. "పన్నెండింటికీ పచ్చబొట్టు పడాలి. సందె పడేలోగా. లేదా రేపు సంతలో మేకలు కొంటాను."

"పాముల సంగతేం లేదా అత్తా?" అన్నాడు బెలాయిద్, నమ్మలేక.

"జుట్టు ఎప్పుడూ నా మాట వినలేదు. గడ్డం సంగతి చూడు."

ఉలీ సుత్తీ పట్టుకున్నాడు. యమ్నా ఎదురుగా పీట వేసుకుని, నమూనాగా గడ్డం ఎత్తి కూర్చుంది. "వంకరగా పోతోంది. ఎడమ చుక్క ఇంకా కిందికి." పదకొండు గడ్డాలు నిలిచాయి. చివరగా మిగిలింది, మిలూద్ వేసుకుని తిరిగిచ్చింది, టప్పుమని పగిలింది. గడ్డం దగ్గర పోత పలచన.

మళ్ళీ పొయ్యాలి. విరిగింది కరిగిస్తే మడ్డిపోను చాలదు. శుక్రవారం, పాత సామాన్ల కొట్లు మూత. ఇంట్లో మిగిలింది టీ కెటిల్ ఒక్కటి, దాని మీద ఇజ్జా కూర్చుని ఉంది.

"చంపినా లేవను" అంది.

యమ్నా లేచి లోపలికి వెళ్ళింది. పెద్ద సత్తు కుస్కుసు గిన్నె, అడుగు మందంగా ఉన్నది, తెచ్చి కొలిమి పక్కన దించింది.

"ఇది మనది కాదే" అన్నాడు బెలాయిద్. "అత్తా, ఎవరిదీ గిన్నె?"

"కరిగాక ఎవరిదైతేనేం?"

ఇజ్జా వంగి అడుగున గీసిన గుర్తు చూసి నోరు నొక్కుకుంది. అది హద్దాది. రంజాన్‌లో అరువు తెచ్చుకున్నది.

యమ్నా చిటికెడు ఉప్పు తీసుకుంది. ఈసారి గడపలో నిలబడలేదు, కొలిమి దాకా వచ్చి విసిరింది. "తనే అంది కదా, ఆ ముఖం తనదని. పన్నెండో వంతు నిజం చేద్దాం. దాని మీద మాత్రం గీత కాస్త లోతుగా కొట్టు."

మర్నాడు కవచాలతో పాటు యమ్నా కూడా బండెక్కింది. సిల్వానా ఒక్కొక్క ముఖం మీదా వేలు పెట్టి చూస్తూ గడ్డం దగ్గర ఆగింది. "ఇదేమిటి? నేను చెప్పలేదే?"

బెలాయిద్ అత్త కోసం వెనక్కి చూశాడు. కవచాల వెనకనుంచి యమ్నా ముందుకొచ్చి గడ్డం ఎత్తింది. సిల్వానా ఆమెను చూసింది, పన్నెండు కవచాలనూ చూసింది, మళ్ళీ ఆమెను చూసింది. చెయ్యి గాల్లో, నోరు సగం తెరిచి, కదలకుండా అలాగే ఉండిపోయింది.

"పని చేస్తోంది" అన్నాడు బెలాయిద్ మెల్లిగా.

సిల్వానా తేరుకుని, పన్నెండూ తీసుకుని, ఆ ముఖమే వేసి ఇరవై డాళ్ళు కూడా పోసిమ్మంది. యమ్నా ఇంటికి రాగానే తాళంచెవి మెడలోంచి తీసి పెరటి గోడకున్న మేకుకి తగిలించింది. బట్టలుతికేటప్పుడు గుచ్చుకుంటోందని చెప్పింది.

తరవాతి శుక్రవారం గోడ మీదుగా హద్దా తల కనిపించింది. "యమ్నా, నా కుస్కుసు గిన్నె ఇయ్యవే. చుట్టాలొస్తున్నారు."

"అది యుద్ధానికి వెళ్ళిందమ్మా" అంది యమ్నా, పిండి మీద గీత గీసి చుక్కలు పొడుస్తూ. "బతికొస్తే పంపిస్తాలే."