నాలుగు డిస్కుల మీద జగ్గయ్య గొంతు

నా షాపుకీ జ్ఞానప్రసూనక్క స్టూడియోకీ మధ్య ఒక ప్లైవుడ్ చెక్క మాత్రమే అడ్డం. భిలాయి సుపేలా బజారులో అంతకన్నా మందం గోడ కట్టుకునే స్తోమత మా ఇద్దరికీ లేదు. నేను ఫొటోలకు ఫ్రేములు కడతాను, ఆమె పెళ్లి వీడియోలు ఎడిట్ చేస్తుంది. ఆమె భర్త జగ్గయ్య బావ కెమెరా పట్టేవాడు. ఆయన పోయి రెండేళ్లయింది. అయినా రోజూ పొద్దున్నే చెక్క అవతల నుంచి ఆయన గొంతు వినబడుతుంది.

"అమ్మా, గెడ్డం కొంచెం పైకి. ఆఁ, అలగే ఉండండి."

మొదటిసారి విన్నరోజు నా చేతిలో గాజు పలక జారి పగిలింది. తర్వాత అలవాటైపోయిందంటే అబద్ధమే. ఎన్నిసార్లు విన్నా నా గెడ్డం దానంతట అదే పైకి లేచేది.

ఊళ్లో సగం మందికి ఫొటోలు తీసినవాడికి తనదంటూ ఒక్క మంచి ఫొటో లేదు. దండ వేయడానికి ఆధార్ కార్డు బొమ్మను పెద్దది చేసి నేనే ఫ్రేము కట్టాను. అందులో ఆయన ఎవరికో బాకీ పడ్డట్టు చూస్తుంటాడు. తయారైన వీడియోల్లో ఆయన గొంతు ఉండదు, పాటలు పెట్టి కప్పేస్తారు. కోతలు పడని అసలు షూటింగులోనే ఆయన మిగిలాడు. అది అక్క కంప్యూటర్లో తప్ప ఇంకెక్కడా లేదు.

అక్క పుట్టింది కార్మికులుండే క్యాంప్ 1లో. తండ్రి శ్రీకాకుళం వైపు నుంచి ఉక్కు ప్లాంటులో పనికి వచ్చినవాడు. బడిలో హిందీ చదివింది, తెలుగు అక్షరాలు మాత్రం పెళ్లి శుభలేఖలు చూసి నేర్చుకుంది. కంప్యూటర్ పనీ అలాగే సొంతంగా పట్టింది. మౌస్ ముట్టుకోదు, నల్ల తెర మీద కమాండ్లు టైపు చేస్తుంది. ఎందుకక్కా ఈ బాధ అంటే, "మౌస్‌తోటి నొక్కితే నానేటి చేసినానో నాకే తెలీదు తమ్ముడూ. టైపు చేస్తే నానన్న మాట నా కళ్లముందే ఉంటాది" అంటుంది.

పెళ్లి వీడియోలు బరువు. ఒక్క డిస్కు మీద పెడితే ఎడిటింగు నత్తనడక నడుస్తుంది. అందుకని ఆమె నాలుగు డిస్కుల్ని కలిపి ఒకటిగా కట్టింది. పంక్తిలో వడ్డించినట్టు కంప్యూటర్ ఒక ముక్క మొదటి డిస్కుకి, తర్వాతి ముక్క రెండోదానికి, అలా వరసగా వేసుకుంటూ పోతుంది. నాలుగూ ఒక్కసారే పనిచేస్తాయి కాబట్టి వేగం. కానీ ఏ డిస్కులోనూ ఒక్క మాట పూర్తిగా ఉండదు. ఒకటి పోతే నాలుగూ పోయినట్టే.

కూతురు బిందుప్రియ నెహ్రూ నగర్‌లో లెక్కల ట్యూషన్లు చెబుతుంది. వచ్చినప్పుడల్లా ఒకటే పోరు. "మమ్మీ, ఒక కాపీ పెట్టుకోవా. నాన్న ఆవాజ్ అంతా అందులోనే ఉంది కదా."

"మనిషన్నోడు ఒక్క సోటే ఉండాల" అనేది అక్క. ఆ మొండితనం చూసి నాకు ఒళ్లు మండేది.

మొన్నామధ్య విశ్వకర్మ పూజ వచ్చింది. ఆ రోజు భిలాయిలో రెంచీ నుంచి లారీ దాకా ప్రతిదానికీ స్నానం, బొట్టు. అక్క కూడా డిస్కులన్నీ బయటకు తీసి, తడిగుడ్డతో తుడిచి, పసుపు రాసి కుంకుమ పెట్టింది. వాటి మీద జగ్గయ్య బావ స్కెచ్ పెన్నుతో వేసిన వరస నంబర్లు ఆ గుడ్డకు అంటుకుపోయాయి. అన్నీ మళ్లీ బిగించి ఆన్ చేస్తే ఫోల్డరు లేదు. చూస్తే ఒక కేబుల్ వదులుగా ఉంది. దాన్ని నొక్కాక, ఉన్నవాటిని గుర్తుపట్టి కలపమని అసెంబుల్ కమాండ్ కొట్టాలి. ఈమె కంగారులో, చేతి అలవాటున, కొత్తగా కట్టమనే క్రియేట్ కొట్టింది. ఇవి ఇదివరకే ఒక జట్టులో ఉన్నాయి, అయినా కట్టమంటావా అని కంప్యూటర్ అడిగింది కూడా. ఎస్ అంది.

పాత వరస గుర్తు చెరిగిపోయి, కంప్యూటర్ తప్పు వరస రాసుకుంది. ఫోల్డరు తెరుచుకోలేదు.

"బొట్టు పెట్టి మరీ సంపీసినాను" అంది నా షాపు మెట్టు మీద కూర్చుని. ఏడవలేదు. నాకే ఏడుపొచ్చింది.

లోపలి సామాను కదల్లేదు, వరస దొరికితే చాలని ఆమెకు తెలుసు. ఒక్కో వరసా మార్చి కట్టడం, ఏమైనా కనబడుతుందేమోనని వెతకడం. ఒకసారి నన్ను పిలిచి తెర చూపించింది. ఒక పెళ్లికూతురి నుదురు, దాని కింద ఇంకెవరివో వడ్డన చేతులు, ఆ కింద బూడిద రంగు. ఇంకో ఫొటోలో బాసికం ఉంది, ముఖం లేదు. నేను ఎక్కువసేపు చూడలేకపోయాను. అన్నిటికన్నా ఆ రోజుల్లో పొద్దున్నపూట చెక్క అవతల నిశ్శబ్దమే నన్ను ఎక్కువ భయపెట్టింది.

చివరికి ఒక మధ్యాహ్నం, నేను అద్దం కోస్తుండగా, బావ మాట్లాడాడు. "భాభీజీ, థోడా ఇధర్ దేఖియే." ఎవరో వదినగారిని కొంచెం ఇటు చూడమంటున్నాడు.

పరిగెత్తుకెళ్లాను. అక్క కళ్లు తుడుచుకుంటూ, అన్నీ బాగున్నాయో లేదో మొదటి నుంచీ చూడాలంది. ఇన్నాళ్లూ తనకు ఇష్టమైన నాలుగైదు ముక్కలే వినేదట. ఇప్పుడు వరసబెట్టి అన్నీ పెట్టింది.

రెండోరోజు చెక్క అవతల నుంచి నేనెన్నడూ వినని మాట వచ్చింది. మెల్లిగా, ఆయాసపడుతూ.

"సాతీ కాడ నొప్పండి. మొన్న కూడా వొచ్చింది. ప్రసూనకి సెప్పకండి. కెమెరా ఒగ్గీమంటాది, పని మానీమంటాది."

ఎవరో పెద్దాయన సరే బాబూ అన్నాడు. తర్వాత ఏమీ లేదు.

నేను వెళ్లేసరికి తెర మీద షామియానా గుడ్డ, తిరిగే ఫ్యాను. బావ కెమెరా ఆపకుండానే కుర్చీలో పెట్టేశాడు. అది ఆయన పోవడానికి మూడు నెలల ముందు జరిగిన పెళ్లి. నిద్రలో గుండె ఆగి హఠాత్తుగా పోయాడనీ, ఎవరూ ఏమీ చేయగలిగేది లేదనీ మేమందరం ఆమెకు చెప్పాం. మేమూ అదే నమ్మాం.

ఆ ఆదివారం బిందుప్రియ పెద్ద డిస్కు తెస్తే అక్క కాదనలేదు. అన్నీ కాపీ చేసి ఇచ్చింది. ఆ ఒక్క ముక్క తప్ప.

"పిల్లకెందుకది" అంది నాతో. "తీసీడానికి నాకు సెయ్యి రాలేదు. దాసుకోడానికీ రాలేదు. ఆ నాలుగింటి మీదే ఉంటాది. పోయినరోజు పోతాది."

ఇప్పుడు పొద్దున్నే షట్టరు ఎత్తగానే ఆమె పెట్టేది అదొక్కటే. ప్రసూనకి సెప్పకండి అని గొంతు అంటుంది. నా చేతిలో సుత్తి ఆగిపోతుంది.

"ఒగ్గీమనేదాన్నే" అంటుంది అక్క మామూలుగా, పక్కన మనిషితో మాట్లాడినట్టు. తర్వాత పని మొదలుపెడుతుంది.