బాపు ఖాకీ అంగీ

మునిమనవడి స్కూల్ డ్రెస్ కోసం దుకాణంలో ఖాకీ గుడ్డ చింపుతుంటే గుప్పుమన్న గంజివాసనకు మా నాన్న, బాపు గుర్తొచ్చాడు.

బాపుది డోర్నకల్ రైల్వేలో నౌకరీ. నిజాం మీద సాయుధ పోరాటం సాగుతున్న రోజులవి. అమ్మమ్మ ఊరికి వెళ్లినప్పుడల్లా పొలిమేరలోనే ఖాకీ అంగీ విప్పి మూటలో పెట్టేవాడు. మాసిపోతుందని కాబోలు అనుకునేదాన్ని.

ఒకసారి చలిజ్వరంతో వణుకుతూ విప్పలేదు. మమ్మల్ని చూడగానే కలుపు తీస్తున్న ఆడవాళ్లంతా జొన్నచేలోకి పరుగెత్తారు. దాగుడుమూతలనుకుని నేనూ వెంటపడ్డాను.

"అమ్మమ్మ దొరికింది!" అని అరిచాను. ఆమె నోట్లో కొంగు కుక్కుకుని కూర్చుంది. బాపు ముఖం చూశాక ఏడ్చింది.

"నువ్వా నాయినా! గా అంగీ జూసి పోలీసోళ్లు మల్లొచ్చిండ్రనుకున్నం."

బాపు ఆ జ్వరంలోనే అంగీ విప్పేశాడు.

కొన్నాళ్లకు ఆ నిజాం పోలీసులు పోయి ఇండియా మిలిట్రీ వచ్చింది. "ఇగ తొడుక్కోవచ్చు గద బాపూ?" అన్నాను.

"వీళ్లదీ గదే రంగు బిడ్డా" అన్నాడు.

ఖాకీ అంటే మట్టి రంగని తర్వాత బడిలో ఇంగ్లిషు సారు చెప్పాడు. నేనూ అట్లాగే రాసి మార్కులు తెచ్చుకున్నాను. అమ్మమ్మ మాత్రం చచ్చిపోయేదాకా, అల్లుడు గుమ్మంలోకి వస్తే ముందు అంగీ చూసేది. ఆ తర్వాతే ముఖం.