ఆవు తొక్కిన వేలు

నా చిన్నప్పుడు పుంగనూరులో నేను పూర్తిగా నమ్మింది ఒక్క నా బేరింగు పలకనే. లారీ షెడ్డులో పారేసిన నాలుగు బేరింగులు, వాటి మీద ఒక చెక్క. దాని మీద నిలబడి ఊరి చివర తారు రోడ్డు వాలులో దిగితే, ఆ మోతకు అల్లంత దూరాన సోమల ఊళ్ళో కోళ్ళు గుడ్లు పెట్టడం మానేసేవని నా లెక్క. ఎక్కేవాళ్ళమంతా ఆడపిల్లలమే. ఇళ్ళల్లో తెలిస్తే పలక పొయ్యిలోకి పోతుంది. అందుకే ఎదురొచ్చిన ప్రతి మనిషినీ, చివరికి కుక్కలను కూడా, వేగులవాళ్ళ కిందే జమకట్టేదాన్ని.

అలాంటి నా దగ్గరికి పక్కింటి అక్క తెల్లకాగితం, పెన్సిలు పట్టుకొచ్చి పాదం పెట్టమంది. వాళ్ళ నాన్నది జిరాక్సు అంగడి. పలక ఎక్కే పిల్లలందరి పాదాలూ గీసి, ఏ కాలు ముందు పెడతారో, ఎక్కడ పడ్డారో పక్కన రాసి, జిరాక్సు తీసి చిన్న పుస్తకంగా కుట్టి మాకే పంచుతుందట. దొంగల వేలిముద్రలు తీస్తారని విన్నాను గానీ, పాదాలు అడిగే పోలీసు ఈమే మొదలనుకున్నాను. యాలక్కా, పాదాలెందుకు అని అడిగాను.

"మొగం ఏస్తే మీ ఇండ్లల్లో పట్టేస్తారు. పాదమైతే ఎవురు గుర్తుపడతారు మే? రేపు ఆడపిల్లోళ్ళు దీన్ని ఎక్కనే లేదంటే, సూపిచ్చేదానికి ఏమన్నా ఉండాల గదా," అంది.

పాదం పెట్టాను గానీ నమ్మలేదు. ఆ సాయంత్రమే ఆమె మా ఇంట్లోకి పోయి, మా అమ్మతో గుసగుసలాడి, కాగితం చుట్టుకుని బయటికి రావడం కళ్ళారా చూశాను. నా పని అయిపోయిందనుకున్నాను. పలకను గడ్డివామిలో దూర్చి, అమ్మ పొయ్యి దగ్గరికి వెళ్ళినప్పుడల్లా వెనకే వెళ్ళాను. అమ్మ ఎప్పటిలాగే సంగటి కెలికి పెట్టింది. అది ఇంకా అనుమానంగా ఉండింది.

కొన్నాళ్ళకు పుస్తకం వచ్చింది, గోనెసంచి దారంతో కుట్టింది. మొదటి పేజీలో ఉన్నది పిల్ల పాదం కాదు. పెద్దది, చిటికెనవేలు పక్కకు తిరిగి ఉంది. ఆ వేలు నాకు తెలుసు. చిన్నప్పుడు ఆవు తొక్కిందని అమ్మ చెప్పేది. అమ్మ పుట్టింట్లో ఉండిందీ మా పుంగనూరు పొట్టి ఆవే, అది ఎంత ఉంటుందని? పక్కన నిలబడితే నేనే ఏనుగులా కనిపిస్తాను. ఆ ఆవు కథ మీద నాకు పుట్టినప్పటి నుంచీ అనుమానమే.

పుస్తకం తీసుకెళ్ళి అమ్మ కాలి పక్కన పెట్టాను. అమ్మ చీర కుచ్చిళ్ళు కిందికి లాక్కుంది. కాసేపటికి వదిలేసింది.

"ఆవు తొక్కలేదులే పాపా. కుప్పంలో, మా పుట్టింటి కాడ, ఇట్లాంటి పలకే ఎక్కి పడినా. మా నాయనకు తెలిస్తే పొయ్యిలో ఏస్తాడని నేరం ఆవు మీదికి తోసేసినా. ఇన్నాళ్ళకి ఆ పక్కింటి పాప వచ్చి, నువ్వు గూడా ఎక్కినావా అని అడిగింది. ముందెవురూ అడగలా."

మరునాడు గడ్డివామిలోంచి పలక తీస్తే, బేరింగులకు ఆముదం పూసి ఉంది.

ఇప్పుడు మదనపల్లెలో కొత్త సిమెంటు రోడ్డు మీద ఆడపిల్లలు కొన్న స్కేటుబోర్డులెక్కి పోతుంటారు. నా సంచిలో తెల్లకాగితం, పెన్సిలు ఎప్పుడూ ఉంటాయి. పాదం పెట్టమ్మా అంటే, ఈవిడ ఎవరి తరఫు మనిషో అన్నట్టు తేరిపార చూస్తారు. చూడనీ. ఆ చూపు నాకు బాగా తెలుసు. పాదం గీస్తాను, ఎక్కడ పడ్డారో అడిగి పక్కన రాస్తాను. ఆవు తొక్కిందని చెప్పేవాళ్ళ దగ్గర మాత్రం ఇంకొంచెంసేపు కూర్చుంటాను.